సన్నీల్లూ ఉప్పూ

రుషికొండ ఓటల్లో, కింద లాండ్రీలో
పదకొండేల్లబట్టి ఉన్నాను నాను, సన్యాసమ్మని.
దుప్పట్లు, తువ్వాల్లు, పెల్లోరి పట్టుసీరలు
అన్నీ సూసీసిన సేతులివి.

ఆ వారం రోజూ రెండు మూటలొచ్చీవి.
నీలం మూట మనది.
పసుపు మూట ఆస్ట్రేలియావోల్లది.
రెండూ కలపొద్దు, రంగు దిగిపోద్దని
సత్తిబాబు మరీ మరీ సెప్పినాడు.
నానేటి కలుపుతానా?
ఆల్లు మనల్ని ఆకరోవర్లోనే సంపుతారని
మా గుంటడు టీవీ కాడ కూకుని ఏడిసినప్పుడల్లా ఇన్నాను.

మొదటి మేచీ మధురవాడలో.
ఇస్త్రీబల్ల మీద పోను ఆనించి సూసినాం.
ఆరు బంతులకి తొమ్మిది. అయిపోయిందే అనుకున్నాం.
తాటిసెట్టంత గుంట ఒకర్తి వొచ్చి
మూడు ఇకిట్లు పడగొట్టీసి
జుట్టు సర్దుకుంటా ఎలిపోయింది.
నా ఇస్త్రీపెట్టి కింద
ఎవులిదో తెల్లసొక్కా కాలిపోయింది.

రేత్రి పన్నెండున్నరకి మూటలు దిగినాయి.
పసుపు పేంట్లకి మోకాల్ల కాడ ఎర్రమట్టి,
మోసేతుల కాడ గడ్డిపసరు.
మనోల్లవి సుబ్బరంగున్నాయి. శానా సుబ్బరంగున్నాయి.
నీలం మీద మరక దాక్కుంటాది, నిజమే,
కానీ మన్ను రాలాల గదా, రాల్లేదు.
ఓడిపోయినందుక్కాదు, అది సూసి మండింది కడుపు.

కాలర్లకి గంజి దట్టించీద్దునా అనుకున్నాను.
ఆ బట్ట గంజి పట్టదు, బతికిపోయారు.
"ఒక సాక్సు దాసీయే, రేపు కుంటుకుంటా ఆడతారు"
అంది పైడితల్లి.
దాసీసాను కూడా. ఒక్కటే.

అప్పుడు తాటిసెట్టు పేంటు తిరగేసాను.
నోపల మరక.
అరసెయ్యంత.
అప్పటికే బాత్రూంలో సబ్బెట్టి రుద్దీసుకుంది పాపం,
ఏడినీల్లతో.
ఓసి పిచ్చిదానా, ఏడినీల్లు తగిలితే
ఇంకెక్కడ వొదుల్తాదే? మీయమ్మ సెప్పనేదా?
మాయమ్మ ఒక్కసారే సెప్పింది, నా పదమూడో ఏట,
మొకం అటు తిప్పుకుని:
సన్నీల్లు. కల్లుప్పు. రుద్దకు, నానబెట్టు.

పైడితల్లి ఇటు ఒంగబోతే
"మట్టేలే" అని మడిసీసాను.
వంటింట్లోకెల్లి నూకరాజుని గుప్పెడు ఉప్పడిగాను.
"ఇంత రేత్రేల ఉప్పేటే?"
"దిష్టికి."
"మనోల్లకా?"
"మరెవులికి?"
ఇంకో గుప్పెడేసాడు, మంచోడు.

బకెట్టు పక్కనే కూకున్నాను.
కిటికీ అవతల సముద్రం
నిద్దరట్టనట్టు దొర్లుతున్నాది.
పది ఓవర్లేసింది ఇది. ఆకరోవరూ ఇదే ఏసింది.
పరిగెత్తుకొచ్చిన పెతీసారీ
టీవీవోడు ఆ బంతి ఎంత జోరో లెక్కట్టాడు గానీ
దీని నడుం ఎలాగుందో
ఆడికేటి తెలుస్తాది?
మన గుంటల్లో మాత్రం ఉండరేటి ఒకరో ఇద్దరో.
నీలం మీద దాక్కుంటాదన్నాను గదా.

నాలుక్కి వొదిలింది.
ఆరబెట్టి, మడతెట్టి, సాక్సు తీసి జత కలిపీసాను.
మిగిలిన ఉప్పు పొట్లం కట్టి
పేంటు జేబులో ఎట్టాను.
అర్దమయ్యిందో, ఏ మంత్రమో అనుకుని
సెత్తబుట్టలో ఏసీసిందో, నాకెవులు సెప్తారు?

రెండో మేచీ రోజు
సింహాద్రప్పన్నకి మొక్కుకున్నాను:
తండ్రీ, దాని కడుపునొప్పి తగ్గించు.
దాని బంతిని మాత్రం మనోల్లు
కొండవతల పడేలా కొట్టాల.

ఆ రేత్రి మూటలొచ్చేసరికి
ముందు నీలందే ఇప్పాను, లైటు కిందకి లాగి.
మోకాల్ల కాడ మట్టి.
ఇసాపట్నం ఎర్రమట్టి, ఇంకా తడారలేదు,
రెండు మోకాల్లకీ.