గేజి ముల్లు

నర్సంపేట తోవల
రెండొందల ఇరవై కేవీ సబ్‌స్టేషన్.
రోహిణి ఎండకు తీగలు
తడిబట్టలేసిన దండెం లెక్క వంగినయ్.

మూడో బ్రేకర్ గేజి ముల్లు
ఒక్క గీత దిగింది.
"జెర్రంత గ్యాస్ కొడ్తే అయిపాయె మేడం,
యేటా కొడ్తనే ఉన్నం" అన్న.
పద్దెనిమిదేండ్ల అలవాటు
నా నోట్లకెళ్లి మాట్లాడింది.

ఏఈ తస్లీమా సబ్బునురుగు తెమ్మన్నది.
లైన్ ఆపించి, మోకాళ్ల మీద కూసోని
ఒక్కో బోల్టుకు పూసుకుంట పోయింది,
పసిదాని మాడకు నూనె అద్దినట్టు.

ఏడో బోల్టు కాడ
ఆవగింజంత బుడగ
ఉబ్బింది, పగిలింది,
మళ్ల ఉబ్బింది.

"రంగు లేదు, వాసన లేదు.
వేయిస్తంభాల గుడి కట్టిన్నాడు ఇది కారి ఉంటే
ఇయ్యాల్టికి మన నెత్తిమీదనే వేడి మోస్తుండేది."

కొట్టిన గ్యాసంతా ఎటు పోయిందని
నేనెన్నడు అడగలే.
లాగ్‌బుక్కు నిండ నా దస్తూరీల
ఒక్కటే మాట: నింపితిమి, నింపితిమి.

రింగు మార్చేసరికి పొద్దుగూకింది.
ఎండ ఏం తగ్గలే,
మబ్బేం రాలే.
రాత్రి షిఫ్టుల గంటకోపారి
టార్చి కొట్టి చూసిన.
ముల్లు నిలబడ్డ కాడనే ఉన్నది.

తెల్లారగట్ల రాసిన:
మూడో బ్రేకర్. నింపలేదు.