బల్ల

అమ్మ కడుపులో బల్ల పెరిగిందన్నారు.
అప్పుడు నాకు ఆరేళ్లు.
రాత్రంతా నిద్రపోకుండా ఆలోచించాను,
అంత బల్ల లోపలికి ఎలా వెళ్లిందని,
కాళ్లు నాలుగూ విరిచి మింగిందా అని.
మలేరియా మాత్రలకి కరిగిపోయిందది. అమ్మ మళ్లీ కాయ ఏరడానికి వెళ్లింది.

ఇప్పుడు నా బల్ల మీద,
గుంటూరు పెద్దాసుపత్రి పాథాలజీ గదిలో,
నాగుల్ మీరా బల్ల.
యార్డులో వరస కూలి
మూడు మిర్చి టిక్కీలు ఎడమ డొక్క మీద పడ్డాయట.
చిట్లిన ప్లీహం. నూట తొంభై గ్రాములు. ముదురు ఊదా.
రిజిస్టరులో ఇంతకంటే రాయడానికి గడి లేదు.

మైనం దిమ్మ కత్తికి ఆనిస్తాను.
నాలుగు మైక్రాన్ల రేకు
గోరువెచ్చని నీళ్ల మీద విచ్చుకుంటుంది,
దాని ముందు ఉల్లిపొర కూడా దుప్పటే.
రంగుల్లో ముంచి కటకం కింద పెడితే
ఎర్ర గుజ్జు, మధ్యమధ్య తెల్ల గుజ్జు దీవులు.
తెల్లదనేది పేరుకే.
నా రంగుల్లో అది వంకాయ నీలం.

ఇక్కడికే వస్తాయి పిల్లకణాలు,
మూలుగలో పుట్టి,
మీసమైనా రాకముందే
సరుకు లారీ వెనక వేలాడుతూ వచ్చే కుర్రాళ్లలా
నెత్తురు పట్టుకుని.
ఏ శత్రువు ముఖమూ ఎరగవు.
ఒక్కోదాని ఒంటి మీద ఒక్కో తీరు కొక్కెం.
లోకంలో ఇంకా పుట్టని జబ్బుకి కూడా
సరిపోయే కొక్కెం ఏదో ఒకటి
ఆ గుంపులో ఉంటుందట.

ముందు ఏరివేత.
మా దీనమ్మకి తెలిసిన పనే.
తేజ కాయ ఒక పక్క, తాలు ఒక పక్క,
ముక్కుకి కొంగు, కళ్లలో నీళ్లు, బస్తాకి ఇంతని కూలి.
ఇక్కడ తాలు ఏదంటే
సొంత ఒంటిని చూసి మండేది.
దాన్నెవరూ తిట్టరు, కొట్టరు.
బతుకు అని చెప్పే కబురు దానికి అందదు, అంతే.
తప్పేమీ చెయ్యనివి కూడా
చోటు చాలక చాలా రాలిపోతాయి.
ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు
పుస్తకం మూసేసి టీకి వెళ్లాను.

నిలిచినవి పెద్దవుతాయి.
కొన్ని దేశం మీద పడతాయి,
చంకల్లో గజ్జల్లో బిళ్లల దాకా.
కొన్ని ఊరు దాటవు.
ఎర్రకీ నీలానికీ నడుమ గట్టు మీద
కాపలా కూర్చుంటాయి.
న్యుమోనియా పురుగు నెత్తుట్లో దిగిన రాత్రి
మొదట లేచేది ఆ గట్టు మీది వాళ్లే.

నాగుల్ మీరా గట్టు ఇప్పుడు
నా గాజుపలక మీద ఆరుతోంది.

మధ్యాహ్నం వాళ్లావిడ టీకాల చీటీతో కిటికీ దగ్గరకొచ్చింది.
"తీసింది ఇస్తారామ్మా? ఒంట్లోది గదా, మట్టిలో పెట్టుకుంటాం."
పరీక్ష అయ్యాక మిగిలింది ఇప్పిస్తానన్నాను.
అతను తల్లి కడుపులో ఉన్నప్పుడు
కొన్నాళ్లు అదే అతనికి నెత్తురు పుట్టించిందని చెప్పలేదు.
అన్నం తినే వేళ, ఎందుకులే అని.

ఇంకోటి కూడా చెప్పలేదు.
చిట్లినప్పుడు నలుసులు కడుపులో చెదిరిపడతాయి.
ఏనాడో ప్లీహం తీసేసిన ఒకామె పేగుల మీది పొరలో
ఒకసారి నేనే చూశాను,
కందిగింజంతవి నాలుగైదు, ఎవరూ నాటనివి.
కోసి రంగు వేస్తే అందులోనూ ఎరుపు, అందులోనూ నీలం.
అంత చిన్న చోట కూడా
ఎవరో పట్టా పరిచి ఏరుతున్నారు.

అవి చాలతాయో లేదో నమ్మకం లేదు.
అందుకే టీకాలు మూడూ వేయించమని
రెండుసార్లు చెప్పాను.

చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుని
ఆమె అడిగింది,
"మూట ఎప్పట్నించి ఎత్తొచ్చమ్మా?"