ఐసు లెక్క

సాయంత్రం ఆరింటికే తేల్చుకోవాలి
రేపటికి ఎన్ని దిమ్మలు కావాలో.
నీళ్ళు గడ్డకట్టడానికి ఒక రాత్రీ ఒక పగలూ పడుతుంది.
ధర మారడానికి
పూర్ణా మార్కెట్ నుంచి ఒక్క ఫోను చాలు.

హార్బర్ వెనక ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రీని.
చేప మీద నాకు ప్రేమా లేదు, పగా లేదు.
డాల్ఫిన్ నోస్ మీద మబ్బు రంగు చూస్తాను,
జెట్టీ దగ్గర ఎన్ని బోట్లు ఖాళీగా ఊగుతున్నాయో లెక్కపెడతాను,
డబ్బాల్లోకి నీళ్ళు వదులుతాను.
జూదం అంటుంది మా ఆవిడ.
అంచనా అంటాడు ఓనరు.

మొన్న కార్తీక సోమవారం.
ఊళ్ళో సగం వంటిళ్ళు నీసు మానేశాయి.
సముద్రానికి పంచాంగం తెలీదు కదా,
ఆ వేళే కానాగడతలు విరగబడి పడ్డాయి.
బోటు వెనక బోటు, అంచుదాకా మునిగి.

వేలంపాట గంప తొమ్మిది వందల దగ్గర మొదలై
మెట్లు దిగే ముసలమ్మలా ఆగి ఆగి దిగింది.
ఏడొందలు. ఐదొందలు.
ఆ తర్వాత ఆగలేదు.
నూట ఎనభై దగ్గర పరసన్న గొంతు బొంగురుపోయింది.
ఎవరూ తగ్గించమనలేదు,
చేతులు కట్టుకుని నిలబడ్డారంతే.
ధరంటే నోటితో అనే మాట అనుకునేవాణ్ణి.
కట్టుకున్న చేతులు కూడా అనగలవు.

అదే గంటలో నా ఐసు లేచింది,
నూట నలభై దిమ్మ రెండొందల ఇరవైకి.
ఐసంటే ఏముంది, ఇంకో పూట ఆగగలగడం.
కొనగలిగినవాడు ఆగాడు.

చోడిపల్లి కాసులమ్మ ఆగలేకపోయింది.
ఆరు గంపలూ ఇసకలో ఎండబోసింది.
"పడిపోనాది ధర బావూ, నాను గాదు"
అని నా రేటు విని నవ్వి వెళ్ళిపోయింది.
ఎండకి రేటు లేదు.
ఆ రోజు ఎండా సరిగా లేదు.

ఓనరుకి ఆశ పుట్టింది.
నాకూ పుట్టింది, దాచడమెందుకు.
ఉన్న డబ్బాలన్నీ నింపాం.
మూలపడ్డ రెండో కంప్రెసర్ని తట్టి లేపాం.
పక్క ఫ్యాక్టరీలు రెండూ ఆ రాత్రే
మాతో ఒక్క మాటైనా అనకుండా
అదే పని చేశాయి.

మంగళవారం పొద్దున్న
పోర్టులో మూడో నంబరు హెచ్చరిక. వాయుగుండం.
తాళ్ళు బిగించిన బోట్లు
ఒకదాని పక్కలు ఒకటి రాసుకుంటూ మూడు రోజులు.
గురువారానికి రేవు మొత్తానికీ రెండు గంపల వంజరం.
బీచ్ రోడ్డు హోటళ్ళవాళ్ళు ఇద్దరు
ఒకరి మొహం ఒకరు చూడకుండా
కిలో పద్నాలుగొందల దాకా పాడుకున్నారు.

నా నాలుగొందల దిమ్మలు
గుమ్మం దాటి, కాలవ పట్టుకుని
సముద్రంలోకి పోయాయి,
దానికి అక్కర్లేని సరుకు.

సాయంత్రం కాసులమ్మ వచ్చింది, కుంటుతూ.
వానకి ఎండుచేపలు ఎత్తబోయి జారిందట.
సగం ఎత్తిందట.
"ఐసెంత ఈయేళ?"
అడగడం ఆమెకి అలవాటు, చెప్పడం నాకు.
ఎంతని చెప్పను?
గోనెపట్టాలో ముక్క కొట్టి ఇచ్చాను.
వాచిన మోకాలికి అదుముకుని
కళ్ళు మూసుకుంది.
"సల్లగుంది" అంది.

ఆరవుతోంది.
డబ్బాలు బోర్లా ఉన్నాయి.
కొండ మీద మబ్బు
తేలినట్టూ ఉంది, తేలనట్టూ ఉంది.