గడియ

లాకు తలుపు గురించి అడగండి, చెబుతాను.
ఓక్ చెక్క, నూటపదేళ్లది,
నీళ్లెంత తోస్తే అంత బిగుస్తుంది.
అయినా అడుగున ఎక్కడో సన్నగా కారుతూనే ఉంటుంది.
కారని తలుపు నేనింతవరకు చూడలేదు.

నా తలుపు సంగతి గ్రోనింగెన్ డాక్టరమ్మ
పెన్సిలుతో గీసి చెప్పింది.
గర్భసంచి ముఖద్వారం. ఇక్కడ, క్యాన్సర్.
ద్వారం తీసేసి ఇల్లు ఉంచుతాం, అంది.
గడియలాగా ఒక దారం ముడేస్తాం. ఇక విప్పం.
నాకు ముప్పై ఒకటి. వొబ్బె
కిటికీలోంచి సైకిళ్లు లెక్కపెడుతున్నాడు.

ఆర్నెల్లకోసారి పరీక్ష.
ఏమీ లేదన్న మాట ప్రతిసారీ
ఏదో ఉందన్నట్టే వినిపించేది.

నాలుగో ఏడు నెల తప్పింది.
ఎవరికీ చెప్పలేదు. అత్తగారు మాత్రం
పొగబెట్టిన మలుగుచేపకి నేను మొహం తిప్పుకోవడం చూసి
పళ్లెం తీసి బయట పెట్టేసింది, ఏమీ అడక్కుండా.

ఇరవయ్యో వారం: మిగిలిన ద్వారం
పద్నాలుగు మిల్లీమీటర్లు.
చక్రం తిప్పొద్దన్నారు.
వంతెన గదిలో కుర్చీ వేసుకుని
గేలపు కర్రకి కట్టిన చెక్కబూటు మాత్రం చాపేదాన్ని,
పడవలవాళ్లు సుంకం చిల్లర అందులో వేసేవారు.
ఒక పెద్దమనిషి రెండు యూరోలకి బదులు
చొక్కా గుండీ వేసి పోయాడు.
రోజంతా నవ్వుకున్నాను,
నవ్వితే తెగుతుందేమోనని పొట్ట పట్టుకుని.

రాత్రుళ్లు లెక్క వేరు.
బిడ్డ బరువు, ఉమ్మనీరు బరువు,
అడ్డంగా ఒక్క దారప్పోగు.
నేను నేర్చిన నీటిలెక్కలేవీ దీనికి ఒప్పుకోవు.

నీళ్లాడే పొద్దుకి ఇంకా ఆరు వారాలుండగా
మంగళవారం ఆరింటికి పక్క తడిసింది.
గుడ్డతో తుడవబోయాను, తెలివితక్కువగా.
దారిలో మా వంతెనే ఎత్తి ఉంది,
ఇసుక పడవొకటి తీరిగ్గా దాటుతోంది.
నా బదులు పెట్టిన కుర్రాడు
మమ్మల్ని చూసి హుషారుగా చెయ్యూపాడు.

ముడి విప్పకుండానే తీశారు,
వాకిలుండగా గోడకి కన్నమేసినట్టు.
ఆడపిల్ల. హిస్కె.
రెండు కేజీలకి యాభై గ్రాములు తక్కువ.
అత్తగారు రస్కుల మీద వెన్న రాసి
సోంపు మిఠాయి చల్లి
వార్డంతా పంచింది, రెండుసార్లు.

దారం ఇంకా లోపలే ఉంది.
సెప్టెంబరులో మళ్లీ పరీక్ష.
నిన్న లాకు గట్టున కూర్చుని పాలిస్తుంటే
తలుపు అడుగున ఎప్పటి ఆ సన్నని ధార.
మనిషిని పిలిపించాలి అనుకుంటూనే
కాసేపు వింటూ కూర్చున్నాను.