అడ్డాకు పొట్లం

గుణుపూర్ సంతలో
సోంబారి అడ్డాకు మోపు దించేది.
కట్టకి వంద అని బేరం, లెక్కపెడితే నూట మూడు.
"చిల్లులుంటాయి గదమ్మా,
మూడు ఎక్కువే ఉండనీ" అనేది.

ఇప్పుడు బరంపురం పెద్దాసుపత్రిలో
ఆవిడ పేరు మూడు చీటీల మీద మూడు రకాలుగా ఉంది.
రొమ్ములో గడ్డ మాత్రం ఒక్కటే.
సీసాలోంచి దిగే ఎర్రమందుకి
ఆ ఒక్క ఇల్లూ తెలీదు.
జుట్టు తలుపు కొడుతుంది, నోటి తలుపు కొడుతుంది,
గోళ్ళని కూడా లేపి అడుగుతుంది.

రోడ్డుకి అవతల, రెండో అంతస్తులో
నేను ఆ మందుకే పొట్లం కడుతున్నాను.
వెంట్రుక మందాన్ని ఐదొందల చీలికలు చేస్తే
అందులో ఒక చీలికంత పొట్లం.
పాలు పులిసినప్పటి పులుపుని
గొలుసులు గొలుసులుగా అల్లిన పాలిమర్.
మోపెత్తుకుని కొండ దిగిన సోంబారి పిక్కల్లో
ఇన్నేళ్ళూ ఊరింది ఆ పులుపే.
పనయ్యాక ఒళ్ళే దాన్ని విప్పి కరిగించుకుంటుంది,
బంతి లేచాక విస్తరి మట్టిలోకి పోయినట్టు.
పైన ఒక కొక్కెం తగిలిస్తాం,
గడ్డ గుమ్మాన్ని గుర్తుపట్టేది.

చెప్పడానికి ఇంతే.

పదకొండో బ్యాచ్ రాత్రి కరెంటు పోయి
విరిగిన పాలలా అయింది. మా సీసాలోనూ గడ్డలే.
తొమ్మిదోది ఎలుకకిచ్చాం.
ముప్పావు వంతు కాలేయం లాగేసుకుంది,
చెక్‌పోస్టు దగ్గర సరుకు దింపించినట్టు.
చిరునామా దాకా వెళ్ళింది నూటికి ఒకటి.
పాణిగ్రాహి సారు ఆ ఒక్క చుక్క మీద వేలు పెట్టి
"పొహంచిలా" అన్నారు మెల్లగా,
ఎవరో ఊరు చేరినట్టు.

సాయంత్రం వార్డుకి వెళ్ళాను.
చేతిలో ఆకు లేక
దుప్పటి అంచుని మడతేస్తోంది,
లేని పుల్లతో కుడుతోంది.
"నువ్వు కట్టే మందు ఎప్పుడొస్తాది?"

ఇంకా ఎలుకల దగ్గరే ఉంది అన్నాను.
ఆ తర్వాత మనుషుల దాకా ఎన్నేళ్ళో
అనలేక,
ఎన్ని పంపితే ఒకటి చేరుతుందో చెప్పాను.

పుండ్లు పడ్డ నోటితోనే నవ్వింది.
"చిల్లులుంటాయి గదమ్మా.
మూడు ఎక్కువ కట్టు."