లైన్ క్లియర్

డిండి దిక్కు ఆకాశం ముందు ఎర్రమట్టి రంగయింది,
తర్వాత ఏ రంగూ లేకుండపోయింది.
ఆరేసిన బట్టలు తీసేలోపే
దండెంతోటి సహా గుంజుకపోయింది గాలి.
రేకుల మీద పెట్టిన రాళ్లు
ఒక్కొక్కటే దొర్లుతుంటే లెక్కబెట్టిన.
ఏడు పెట్టినం, నాలుగే మిగిలినయి.

ఆరుగొట్టినంక పది నిమిషాలకు కరెంటు పోయింది.
ఆయన అన్నం కలిపిన చెయ్యి కడుక్కొని
నిచ్చెన సైకిల్ మోటరుకు కట్టుకొని పోయిండు.
ఫోను పొయ్యిగట్టు మీదనే మర్చిండు,
ఇరవై రెండు శాతం చార్జింగుతోటి.

ఇగ ఊరంతా నా చెవుల పడ్డది.
"ఏం బిచ్చాలు, పండుకున్నవా?"
"జీతం తీసుకుంటలేవా?"
"మూడు వేల కోడిపిల్లలు, ఎవని అబ్బ సొమ్ము?"
రైస్ మిల్లు సేటు డీజిలు లెక్క చెప్పుకుంట
తిట్టిన తిట్టుకు పిల్ల చెవులు మూసిన.
ఆయన స్తంభం మీదున్నడు అంటే
"అయితే దిగుమను" అన్నడొకడు.

తలుపులు బిగించిన అర్రల ఉడికిపోతూ,
అట్టముక్కతోటి ఊపుతుంటే పిల్ల అడిగింది:
"నాయిన ఎప్పుడేస్తడే కరెంటు?"

ఊరంతా అదే మొక్కు.
నేనొక్కదాన్నే ఉల్టా మొక్కుతున్న:
ఇప్పుడే రావొద్దు.
ఆయన చెయ్యి తీగె మీదున్నంతసేపు రావొద్దు.
పోయినేడు పక్క సెక్షన్ల
ఎల్సీ ఇచ్చినమన్నరు. ఇయ్యలేదు.
పంచనామ రాసేదాక
ఆ పిల్లగాని చెప్పులు స్తంభం కిందనే ఉన్నయట,
ఒకదాని పక్కన ఒకటి, గుడి ముంగట విడిచినట్టు.

తొమ్మిది శాతం ఉన్నప్పుడు
తిట్టని ఫోనొకటి వచ్చింది.
ఇద్దమ్మ మనుమడు. మెల్లగ.
"అక్కా, అవ్వకు ఆక్సిజన్ మిషను...
ఇన్వర్టరు ఇంకో అర్ధగంట ఆగుతదేమో.
అన్నను తొందరపెట్టకు, ఊకె అడుగుతున్న."

నా మొక్కు గొంతులనే ఇరుక్కున్నది.
ఎవరి ఊపిరికి ఎవరి ఊపిరిని అడ్డం పెట్టాలె?
గోడ మీది బల్లి సుత ఏమనలేదు.

సేటు నంబరు కనబడ్డది తిట్లల్ల.
"సేటూ, మిల్లుల జనరేటర్ నడుస్తుందా?"
"నడుస్తే నీకెందుకు?"
చెప్పిన. గాలికి మాట తెగిపోతే మళ్ల చెప్పిన.
అటు దిక్కు చాన సేపు జనరేటర్ చప్పుడే.
"ఆటోల తెమ్మను," అన్నడు,
"ధర్మకాంట రూముల ప్లగ్గున్నది. గేటు తీపిస్త."

బాట మీద కూలిన తుమ్మను
నలుగురు పట్టి గుంజినరట, తర్వాత తెలిసింది.
అప్పటికి ఫోను చచ్చిపోయింది.

ఇగ నాకు ఏ కబురూ లేదు.
రేకు సందులకెల్లి సర్వల
చుక్క, చుక్క.
బుడ్డి ఒకసారి ఆరింది. మళ్ల ముట్టియ్యలే.

కోడి కూసేయాళ్లకు ఎదురింటి లైటు వెలిగింది.
వాడంతా "వచ్చింది, వచ్చింది" అని ఒకటే ఒర్రుడు.
ఎవరింట్లనో టీవీ, రాత్రి తెగిన మాట కాడికెల్లి
మళ్ల అందుకున్నది.
నేను స్విచ్చు మీద చెయ్యి పెట్టి, తీసిన.
వచ్చిందంటే ఆయన దిగిండని.
లేకుంటే ఎవరో అడగకుండ వేసిండ్రని.
రెండిటికీ వెలుగు ఒక్కతీరుగనే ఉంటది.

బండి చప్పుడు.
నిచ్చెన గోడకు ఆనిన చప్పుడు.
మోచేతుల దాక బురదతోటి దర్వాజల నిలబడి
"మనింటికి వచ్చిందా?" అన్నడు.

"ఏమో," అన్న.
"ఇంక వేసి చూడలే."