పాసుబుక్కు డబ్బా

బల్ల మీద బాగానే పని చేసింది.
ఎనిమిది రోజులు,
గ్రీమ్స్‌పేట వీధి దుమ్ములో, టీ గ్లాసు పక్కన,
ఒంటి మీద నూలుపోగు లేని బిడ్డలాగా
పచ్చబోర్డు, రెండు రిలేలు, ఒక సిమ్‌కార్డు.
చేలో త్రీఫేజు కరెంటొస్తే
ఒక్క మిస్డ్ కాల్.
అంతే దాని బతుకు.

జాఫర్ సాబు ఉన్నప్పుడు చెప్పేవాడు,
"ముందు పెట్టె చూసుకో బేటీ, తర్వాత బోర్డు కొయ్యి.
కాలు కొలవకుండా చెప్పు కుట్టేవాణ్ణి
నేనింకా చూడలేదు."
నేను చూశాను సాబ్.
అద్దంలో.

మొదట మామిడిగుజ్జు డబ్బా,
ఫ్యాక్టరీ గేటు దగ్గర కేజీ లెక్కన దొరికింది.
కడిగాను, అంచులు ఆకురాయితో అరగదీశాను,
మూత పెట్టాను. సిగ్నల్ చచ్చిపోయింది.
మూత తీస్తే బతికింది.
రేకు పెట్టెలోకి ఫోను మాట దూరదని
పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే.

సబ్బుపెట్టెలో చోటు చాలలేదు.
అమ్మ పోపులడబ్బా అడగడానికి ధైర్యం చాలలేదు.
టిఫిన్ బాక్సుకి డ్రిల్లు ఆనించగానే
టప్పున మూల నుంచి మూలకు చీలింది.
"పుత్తూరు తీసకపోయి కట్టు కట్టిచ్చేదా?"
పక్క అంగడి దొరసామి నవ్వు.

తొమ్మిదో రోజు చెంగమ్మ వచ్చింది,
పెనుమూరు బస్సు దిగి, చంకలో గుడ్డసంచితో.
రాత్రిళ్లు కరెంటు కోసం మోటారు కాడ కాచుకుని
రెండుసార్లు పామును తొక్కబోయిన మనిషి.
సంచిలోంచి తీసింది: మబ్బురంగు ప్లాస్టిక్ డబ్బా,
నాలుగు పక్కలా చిటుక్కుమనే క్లిప్పులు,
మూత చుట్టూ రబ్బరు.
"దీంట్లో పెట్టియ్ మే. ఎంత వానకీ చుక్క దిగదు.
పాసుబుక్కు పెట్టుకునే డబ్బా."
మరి పాసుబుక్కు?
"బ్యాంకులో ఉండాది లే.
డబ్బా ఊరికే ఉండాది."

బోర్డు ఒక వేలు పెద్దదైంది.
రాగిగీత లేని మూల చూసి
రంపం బ్లేడుతో కోశాను, ఊపిరి బిగబట్టి.
డబ్బాకి ముందు టేపు, టేపు మీద పెన్సిలు గుర్తు,
సన్న డ్రిల్లు, ఆ వెనక లావు డ్రిల్లు,
బియ్యంలో రాళ్లేరేంత మెల్లగా.
చదరపు కంతకి చుట్టూ చిన్న కంతలు,
వాటి నడుమ బ్లేడు, ఆపైన ఆకురాయి.
ఒక పక్క కాస్త ఎక్కువ పోయింది.
ఎప్పుడూ ఒక పక్క కాస్త ఎక్కువే పోతుంది.
వైరు దూరే చోట సైకిల్ ట్యూబు ముక్క.
గాలి కంతలు అడుగున, వాన పైనుంచి కదా;
వాటికి లోపల దోమతెర గుడ్డ.
చీమలు రిలేలో కాపురం పెట్టి మోటారు కాల్చిన కథ
ఇక్కడ ప్రతి షెడ్డుకీ ఒకటుంది.

అడుగున ఒక జాడ,
చుట్టుపక్కల కంటే కొంచెం తెల్లగా:
ఇన్నేళ్లూ పుస్తకం పడుకున్నంత మేర.
మరలు నాలుగూ ఆ జాడకి తగలకుండా
అంచులకే వేశాను.
ఎందుకని అడిగితే చెప్పలేను.

చెంగమ్మ మూత తీసి, వేసి, మళ్లీ తీసింది.
"బాకీ తీరి పుస్తకమొస్తే యాడ పెట్టేది మే?"
అప్పటికి ఇంకో డబ్బా చూద్దాం అన్నాను.
"డబ్బా నువ్వు చూస్తావులే.
బాకీ తీరేది నేను గదా చూడాల."

పరీక్ష కోసం పెట్టిన నా నంబరు
తీసెయ్యడం మరిచిపోయాను.
రాత్రి రెండూ పదికి దిండు కింద ఫోను
ఒక్కసారి మోగి ఆగింది.
ఎక్కడో చీకట్లో వేరుశనగ సాళ్లలోకి
నీళ్లు నడుస్తున్నాయన్నమాట.
పదకొండు రాత్రులు అట్లాగే మోగింది,
తీసెయ్యాలని పదకొండు పొద్దులు అనుకున్నాను.

నిన్న మోగలేదు.
కరెంటే రాలేదో, చీమలు దూరాయో,
మూత సరిగ్గా పడలేదో,
తెల్లారేదాకా
నాలుగు క్లిప్పులూ ఒక్కొక్కటే
మనసులో నొక్కి చూసుకుంటూ పడుకున్నాను.